దండెం మీది తునకలు

వంటల పుస్తకాలు నేను చాలానే తిరగేసిన. గుత్తి వంకాయ, పులిహోర, ముద్దపప్పు, ఆవకాయ. తెలుగువాళ్ల వంటంటే ఇంతే అన్నట్టు రాసుకున్నరు. మా అవ్వ వండిన ఒక్క కూర కూడా అందుల లేదు. (కన్నతల్లిని మేము అవ్వ అనే అంటం.) మాదిగవాడల పొయ్యి వెలగలేదా? మేము గాలి తిని బతికినమా?

మా వంట ఎక్కడ మొదలైందో చెప్పాలంటే ఊరి పశువుల కొట్టం కాడి నుంచి చెప్పాలె. ఊళ్లె ఎద్దు చస్తే ఎత్తుకపోవాల్సింది మా తాతలు. తోలు తీసి, తంగేడు చెక్కతోటి లందల ఊనబెట్టి, మోటకు తొండం, ఎద్దులకు వార్లు, ఊరోళ్లకు చెప్పులు కుట్టియ్యాలె. దానికి కల్లం కాడ కొలిచేది నాలుగు గింజలు. దాంతోటి ఏడాది ఎట్ల ఎల్లుతది? కూర మాత్రం దొరికిననాడు కుప్పలకొద్ది దొరికేది. ఆ తర్వాత నెలల తరబడి ఏమీ ఉండేది కాదు. ఒకనాటి ఎక్కువను వంద నాళ్ల తక్కువకు సర్దుకునే ఉపాయమే మా వంట.

కండను వేలెడు మందాన పొడుగ్గ చీరి, ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఆరేస్తరు. ఎర్రటి ఎండల నాలుగు రోజులుంటే కట్టె తీరు గట్టిపడతది. నీరంతా పోతది గనుక కుళ్లదు. కుండల దాస్తే వానకాలం గూడ ఎల్లదీస్తది. అవే ఒట్టి తునకలు. పొద్దుమూకినంక కూలి నుంచి వచ్చిన ఆడమనిషికి ఇంతకన్న సులువైన వంట లేదు. నాలుగు తునకలు నిప్పుల మీద కాల్చి, ఎండు మిరపకాయలు, ఎల్లిపాయ, ఉప్పు వేసి రోట్ల దంచితే తొక్కు. జొన్న గటకల నంజుకుంటే ఇంటిల్లిపాదికి సరిపోతది. తీరిక ఉన్ననాడు అవ్వ తునకలను వేడినీళ్లల్ల నానబెట్టి, మెత్తగ ఉడికినంక పుంటికూర వేసేది. ఆ పులుపు కూరకు ఎక్కుతుంటే వాడంతా వాసనే. నూనె కొనే దినాలు కావు, కరిగించి పెట్టుకున్న కొవ్వే మా నూనె. నల్లను ఉప్పేసి గడ్డకట్టించి, ఉడకబెట్టి, ఉల్లిగడ్డలతోటి వేయించేది. బొక్కలు పులుసుకు. పండుగకో పెండ్లికో వాడంతా కలిసి కోసుకుంటే పోగులు పెట్టేవాళ్లు. మగదిక్కు లేని ఇంటికి గూడ అంతే పోగు.

1927 మార్చిల మహద్ సభల అంబేడ్కర్ చచ్చిన గొడ్డు మాంసం తినుడు మానమని చెప్పిండు. ఆయనే 1948ల ‘ది అన్‌టచబుల్స్’ పుస్తకం రాసి, ఒకప్పుడు బ్రాహ్మలు గూడ గొడ్డుమాంసం తిన్నరని, బౌద్ధం మీద పైచేయి కోసం మానేసిన్రని, మానని పేదలు అంటరానివాళ్లయిన్రని వాదించిండు. ఈ రెండు మాటలకు పొంతన లేదని కొందరు ఎగతాళి చేస్తరు. నాకైతే పొంతన కనబడతది. చచ్చినదాన్ని ఎత్తుడు వెట్టి. కోసుకొని తినుడు తిండి. మా తాత చచ్చినదాన్ని మానిండు గని తునకలు మానలె. ఈ రెంటిని కలిపి మనను తిడతరు. కొన్నిసార్లు మనమే కలుపుతం.

నేనూ కలిపిన. డిగ్రీ చదివేటప్పుడు ఒక దోస్తు మా ఇంటికి వస్తనన్నడు. పెద్దకులం పిలగాడు. నేను ముందురోజే ఊరికి పోయి, “అవ్వా, దండెం తీసెయ్యే. వాడు చూస్తే బాగుండదు” అన్న. అవ్వ నా మొఖం దిక్కు చూసింది, ఏమనలె. తునకలన్ని గంపల వేసి పక్కింట్ల దాచింది. అప్పు చేసి కోడిని తెచ్చి వండింది. వాడు రెండు ముద్దలు తిని కడుపుల బాగలేదన్నడు. మంచినీళ్లు ముట్టనే లేదు. వాడు పోయినంక గంప తెచ్చుకొని, ఒక్కొక్క తునక మళ్ల ఆరేసుకుంట అవ్వ అన్నది: “సుట్టానికి ఇంట్ల మంచిది పెట్టాలె బిడ్డా. మనకాడ మంచిది ఇదే ఉండె.” ఇన్నేండ్లయినా ఆ మాటకు నాకాడ జవాబు లేదు.

2012 ఏప్రిల్ 15న ఉస్మానియా క్యాంపస్‌ల విద్యార్థులు పెద్దకూర పండుగ చేసిన్రు. మా తిండి హాస్టల్ మెస్సుల ఎందుకుండదని అడిగిన్రు. పెద్దకూర బిర్యానీ వండి పంచిన్రు. అడ్డుకోవడానికి వచ్చినోళ్లతోటి కొట్లాటయింది, పోలీసులు బాష్పవాయువు వదిలిన్రు. ఈ సంగతంతా చెప్తే అవ్వ సాంతం విని, “అంతమందిని పిలిచి ఉత్త బిర్యానే పెట్టిన్రా? తునకలు వండలేదా?” అన్నది. నవ్వొచ్చింది. ఆ రాత్రే నోటుబుక్కు పట్టుకొని కూర్చున్న. ఉప్పు ఎంత అంటే పిడికిలి చూపించింది. ఆమె పిడికిలా, నా పిడికిలా అంటే తిట్టింది.

ఇప్పుడు నేను పట్నంల అద్దెకుంటున్న. ఇల్లుగలాయన మిద్దె మీద బట్టలు ఆరేసుకోనిస్తడు. తునకలు ఇంకా ఆరెయ్యలె. అవ్వ ఊరి నుంచి స్టీలు డబ్బల పంపుతది. ఎవరొచ్చినా ఇప్పుడు ఆ డబ్బే తీస్తున్న, పేరు చెప్పే వడ్డిస్తున్న. వండేటప్పుడు మాత్రం వంటింటి కిటికీ మూస్తున్న.