తీరిన అప్పు, తిరిగిరాని తాకట్టు

 

మచ్చ బొల్లారం, అల్వాల్ పరిసరాలలో ఇళ్ల ధరలు పెరుగుతున్న కొద్దీ ఒక ప్రశ్న మసీదు మెట్ల దాకా వస్తున్నది. ఫోనులో రమ్మీ ఆడి, ఆ ఆటకోసం క్రెడిట్ కార్డుల మీద, లోన్ యాప్‌ల మీద అప్పులు చేసి, పిదప తౌబా చేసుకొని మానివేసిన యువకులు ఇప్పుడు భార్యాబిడ్డల కోసం ఒక చిన్న ఫ్లాటు కొనదలచి గృహరుణానికి దరఖాస్తు పెడుతున్నారు. బ్యాంకు వారి పాత చిట్టా తిరగవేస్తుంది. “అల్లాహ్ క్షమిస్తాడని మీరే చెబుతారు కదా హజ్రత్, మరి బ్యాంకు ఎందుకు మరువదు?” అని వారు అడుగుతారు. పెద్దలలో కొందరు “జూదమాడినవాణ్ణి ఎవరు నమ్ముతారు?” అంటారు. బ్యాంకు వడ్డీ సంగతి వేరు. వడ్డీ నిషిద్ధమన్న విషయంలో సందేహానికి తావు లేదు. ఇబ్బందిలో ఉన్నవాడు తన స్థితిని దాచకుండా ముఫ్తీ సాహెబ్ ముందు పెట్టి ఫత్వా అడగాలి. ఈ వారం మేము మాట్లాడదలచినది ఆ పాత చిట్టాను గురించి.

అజ్ఞానకాలపు అరబ్బులు ఆడిన జూదానికి మైసిర్ అని పేరు. ఒంటెను కోసి, పది బాణాలతో వాటాలు తేల్చేవారు. ఏడు బాణాలకు వాటాలుండేవి, మూడు ఖాళీవి. ఖాళీ బాణం వచ్చినవారు ఒంటె వెల చెల్లించాలి. గెలిచినవారు ఆ మాంసాన్ని తరచు పేదలకు పంచి, దానినొక గొప్పగా చెప్పుకొనేవారు. అల్ బఖరా 219వ ఆయత్ అందులో కొంత ప్రయోజనం ఉన్నదని ఒప్పుకొంటూనే పాపం దానికంటె పెద్దదని తెలిపింది. అల్ మాయిదా 90, 91 ఆయత్‌లు దానిని పూర్తిగా నిషేధించాయి. “రా, జూదమాడుదాం” అని నోటితో అన్నవాడు సైతం దానం చేయాలని బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు చెబుతున్నది.

మన దగ్గర ఈ వ్యవహారం మరో దారి పట్టింది. 1963 మేలో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడి చేసి, పందెం కట్టి రమ్మీ ఆడుతున్నవారిని పట్టుకొన్నారు. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని 1967 నవంబరులో తీర్పు వచ్చింది. అయితే క్లబ్బువారు ఆట నుండి అక్రమంగా లాభం తీస్తే అది నేరం కావచ్చునని కూడా అదే తీర్పు చెప్పింది. ఆ రెండవ మాటను చాలామంది మరచారు. అర్ధశతాబ్దం తరువాత యాప్ కంపెనీలు మొదటి మాటను పట్టుకొనే ప్రచారం చేసుకొన్నాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీకి తలుపు మూసింది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. అప్పటికి చాలా ఇళ్లలో నగలు కుదువకు వెళ్లిపోయాయి.

ఇక్కడ చట్టంలోని ఒక భేదాన్ని గ్రహించాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు. గెలిచినవాడు ఓడినవానిపై కోర్టులో దావా వేసి సొమ్ము రాబట్టలేడు. పందెం చెల్లనిదైనంత మాత్రాన దానికి అనుబంధంగా చేసుకొన్న ఒప్పందం చట్టవిరుద్ధం కాదని 1959లో ఘేరూలాల్ పారఖ్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక బ్యాంకు నుండి తెచ్చిన అప్పు, దానిని దేనికి తగలేసినా, అప్పుగానే మిగులుతుంది. షరీఅత్ కూడా ఇలాగే వేరు చేస్తుంది. ఆడిన పాపం అల్లాహ్ హక్కు, తౌబాతో మాఫీ అవుతుంది. తీసుకొన్న సొమ్ము దాసుల హక్కు, తిరిగి ఇచ్చేవరకు మెడ మీదనే ఉంటుంది. ఒకసారి దైవప్రవక్త (స) ఎదుటికి జనాజా తెచ్చారు. మృతునికి అప్పు ఉన్నదని తెలిసి, మీరు చదువుకోండని ఆయన సహచరులకు చెప్పారు. అబూ ఖతాదా (రజి) ఆ దీనార్లకు తాను పూచీ పడిన పిదపనే నమాజు చదివించారు.

అందువల్ల యువకుల ప్రశ్నకు మా జవాబు ఇది: బ్యాంకు మరువనిది మీ ఆటను కాదు, మీ బాకీని. 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం కింద మన బాకీల చరిత్ర నమోదవుతుంది. సిబిల్ స్కోరు 300 నుండి 900 వరకు ఉంటుంది. బాకీలో కొంత తగ్గించుకొని తెంచుకొంటే అక్కడ “సెటిల్డ్” అని పడుతుంది, పూర్తిగా కడితే “క్లోజ్డ్” అని పడుతుంది. మొదటి మాటను చూసిన అధికారి కలం ఆగుతుంది. వీలైనవాడు మిగిలిన సొమ్ము కూడా చెల్లించి, బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకొని, ఆ నమోదును సరిచేయించుకోవాలి. ప్రతి సంస్థా ఏడాదికి ఒకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. దరఖాస్తుకు ముందే దానిని తెప్పించి చూసుకోవడం మంచిది. పాత అప్పుల గురించి అడిగినప్పుడు దాచవద్దు. దైవప్రవక్త (స) అప్పు భారం నుండి తరచు శరణు వేడేవారు. కారణం అడిగితే, అప్పుల పాలైనవాడు మాట్లాడితే అబద్ధమాడతాడని, మాట ఇస్తే తప్పుతాడని సెలవిచ్చారు. ఆటను మానినవాడు దరఖాస్తు కాగితం మీద అబద్ధంతో కొత్త జీవితం మొదలుపెట్టడం ఏమి న్యాయం?

ఇక పెద్దల మాట. అప్పు తీరిన తరువాత కూడా మనిషిని పట్టి ఉంచడం ఎలాంటిదో మన బొల్లారం చరిత్రే చెబుతుంది. ఇక్కడి కంటోన్మెంటులో హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యం ఉండేది. అధికారమంతా ఆంగ్లేయులది, జీతాల ఖర్చు నిజాముది. బకాయిలు ఏటేటా పెరిగి సుమారు 45 లక్షలకు చేరాయి. 1853 మే నెలలో నాసిరుద్దౌలా చేత సంధి మీద సంతకం చేయించి బేరారు, ధారాశివ్, రాయచూరు అంతర్వేది ప్రాంతాలను కంపెనీ తన అధీనంలోకి తీసుకొన్నది. పేరుకు ఏమైనా అది తాకట్టే. 1860లో 50 లక్షల బాకీని ఆంగ్లేయులు రద్దు చేశారు, ధారాశివ్, రాయచూరు ప్రాంతాలను తిరిగి ఇచ్చారు. పత్తి పండే బేరారును మాత్రం కంటింజెంట్ ఖర్చు పేరుతో వదలలేదు. దీవాను మొదటి సాలార్ జంగ్ 1883లో మరణించేనాటికి కూడా అది రాలేదు. 1902లో ఏటా 25 లక్షల కౌలుకు అది శాశ్వతంగా చేజారింది.

అజ్ఞానకాలపు అరబ్బులలోనూ ఇటువంటి ఆచారమే ఉండేది: గడువు దాటితే తాకట్టు వస్తువు మొత్తం అప్పు ఇచ్చినవాని సొంతం. దైవప్రవక్త (స) దానిని రద్దు చేశారు. ఆయన కవచం ఒక యూదుని వద్ద యవలకు ప్రతిగా తాకట్టులో ఉండగానే లోకాన్ని వీడారు. తాకట్టు పెట్టడం అవమానం కాదు. బాకీ తీరిన క్షణాన తాకట్టు విడుదల కావాలన్నదే ఫిఖ్ నియమం. మన రిజర్వు బ్యాంకు కూడా 2023లో ఇదే దారికి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 1 నుండి, రుణం పూర్తిగా తీరిన 30 రోజులలో అసలు ఆస్తి పత్రాలు తిరిగి ఇవ్వకపోతే, ఆలస్యం తమదైతే, బ్యాంకు రోజుకు 5,000 రూపాయలు పరిహారం చెల్లించాలి. మనిషి పేరుకు మాత్రం అలాంటి గడువును ఎవరూ రాయలేదు. బాకీ చివరి రూపాయి దాకా కట్టిన కుర్రవాడిని పెళ్లి సంబంధాల దగ్గర, దుకాణం అరువు దగ్గర పదేళ్లయినా “రమ్మీవాడు” అని పిలిచేవారు బేరారును పట్టుకొని కూర్చున్నవారే. ఇంకా కట్టలేక సతమతమయ్యేవానికి గడువు ఇమ్మని అల్ బఖరా 280వ ఆయత్ ఆదేశం. జకాతు పొందే ఎనిమిది వర్గాలలో అప్పులపాలైనవారు ఒకరని అత్తౌబా 60వ ఆయత్ తెలుపుతున్నది. పాపకార్యానికి చేసిన అప్పయితే తౌబా చేసుకొన్న తరువాతనే ఇవ్వవచ్చునని పలువురు ఫిఖ్ పండితులు అన్నారు.

హజ్రత్ జుబైర్ (రజి) హిజ్రీ 36లో మరణించేనాటికి ఆయనపై 22 లక్షల అప్పు ఉన్నది. ప్రజలు దాచమని ఇచ్చిన సొమ్ము పోతుందేమోనన్న భయంతో దానిని తన అప్పుగా రాసుకొన్నందువల్ల ఏర్పడిన భారమది. కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) గాబా భూమి అమ్మి బాకీలు తీర్చారు. వారసులు వాటాలు అడిగారు. ఆయన పంచలేదు. జుబైరుపై బాకీ ఉన్నవారు వచ్చి తీసుకొనండని నాలుగేళ్లపాటు ప్రతి హజ్‌లోనూ ప్రకటన చేయించారు. నాలుగో ఏడు గడిచాక ఆస్తి పంచారు. ఆపై ఆ అప్పు ప్రస్తావన ఎవరూ తేలేదు.