విద్యార్థుల సేవా కార్యక్రమాలు, చదువుపై వాటి ప్రభావం: నల్లమాడ ప్రాంతం

కాలేజీ విద్యార్థులు జీతం లేకుండా ఊరి కోసం చేసే పని వాళ్ల మార్కులను పెంచుతుందా, చదివే సమయాన్ని తినేస్తుందా అన్నది విద్యారంగంలో పాత ప్రశ్న. శ్రీసత్యసాయి జిల్లా నల్లమాడ మండలంలో దీనికి ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడి పిల్లలు పై చదువులకు కదిరి, పుట్టపర్తి, అనంతపురం వెళ్తారు. సేవ చేయాల్సి వచ్చినప్పుడు మాత్రం చాలామందికి సొంత ఊరే దొరుకుతుంది. 2022 ఏప్రిల్ 4 వరకు ఈ మండలం అనంతపురం జిల్లాలో ఉండేది.

ఈ సేవకు ప్రధాన మార్గాలు రెండు. మొదటిది జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్). గాంధీజీ శతజయంతి ఏడాదైన 1969లో, సెప్టెంబరు 24న, దేశంలోని 37 విశ్వవిద్యాలయాల్లో ఇది మొదలైంది. వలంటీరు రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, దత్తత గ్రామంలో ఏడు రోజుల శిబిరానికి వెళ్లాలి. ఇష్టమున్నవాళ్లే చేరతారు.

రెండోది రాష్ట్ర ఉన్నత విద్యామండలి డిగ్రీలో ప్రవేశపెట్టిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. దీనికి 180 గంటలు, నాలుగు క్రెడిట్లు. విద్యార్థి ఒక ఊరిని ఎంచుకుని సర్వే చేస్తాడు, తన సబ్జెక్టుకు దగ్గరగా ఉన్న ఒక పని చేపడతాడు, లాగ్‌బుక్ రాస్తాడు, చివర్లో నివేదిక ఇస్తాడు. క్రెడిట్ల కోసం తప్పనిసరిగా చేసేదాన్ని స్వచ్ఛంద సేవ అనవచ్చా అన్న సందేహం న్యాయమైనదే. అయితే చదువుపై ప్రభావం దగ్గరికి వస్తే ఈ రెండోదే ఎక్కువ ఆసక్తికరం.

కారణం పరిశోధనల్లో ఉంది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఒక రాజనీతిశాస్త్ర కోర్సులోని ఎనిమిది విభాగాల్లో రెండింటికి 20 గంటల సేవను పాఠంలో భాగం చేశారు. మిగతావాళ్లు లైబ్రరీలో చదివి టర్మ్ పేపర్లు రాశారు. 1993లో ప్రచురితమైన ఫలితాల్లో సేవ చేసినవాళ్లకే మెరుగైన గ్రేడ్లు వచ్చాయి. 2000లో అలెగ్జాండర్ ఆస్టిన్ బృందం 22 వేల మందికి పైగా విద్యార్థుల వివరాలు పరిశీలించి, సేవ వల్ల గ్రేడ్లు, రాత, విమర్శనాత్మక ఆలోచన మెరుగుపడతాయని తేల్చింది. సేవను కోర్సుతో ముడిపెట్టినప్పుడు, ముఖ్యంగా రాతలో, లాభం ఇంకా ఎక్కువ. చేసిన పని గురించి క్లాసులో మాట్లాడుకోవడం ఇందుకు కీలకమని కూడా ఆ బృందం చెప్పింది. ఒక జాగ్రత్త అవసరం: సేవకు ముందుకొచ్చే విద్యార్థి చాలాసార్లు చదువులోనూ ముందుంటాడు కాబట్టి, మార్కుల్లో తేడా అంతా సేవ పుణ్యమే అనుకోకూడదు.

నల్లమాడ చుట్టుపక్కల సబ్జెక్టుకు, ఊరికి లంకె కుదర్చడం కష్టం కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమ ఇది. వేరుశనగే ప్రధాన పంట, బోరే దిక్కు. స్టాటిస్టిక్స్ విద్యార్థికి మండలం వర్షపాతం లెక్కలున్నాయి. కెమిస్ట్రీ విద్యార్థి తాగునీటిలో ఫ్లోరైడ్ చూడవచ్చు. కామర్స్ వాళ్లకు డ్వాక్రా సంఘాల పుస్తకాలున్నాయి. ఎకనామిక్స్ వాళ్లకు ఉపాధి హామీ పథకం ఉంది. అది 2006 ఫిబ్రవరి 2న మొదలైంది కూడా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఇలాంటి పనిలో పాఠం పదునెక్కుతుంది. బడి ఆవరణలో కంపచెట్లు కొట్టేసి, ర్యాలీ తీసి, ఫొటోతో ముగించే శిబిరం ఊరికి కొంత మేలు చేస్తుందేమో గాని, పరీక్షలో దాని జాడ కనిపించదు.

సేవ స్వరూపం మారితే ఫలితమూ వేరే. 1981లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైన పుట్టపర్తి సత్యసాయి విద్యాసంస్థ విద్యార్థులు దసరా రోజుల్లో గ్రామసేవ పేరుతో పల్లెలకు వెళ్లి భోజనం, బట్టలు పంచారు. అది శీల శిక్షణగా రూపొందించిన కార్యక్రమం. దాన్ని మార్కులతో తూచడం సరికాదు.

కరువు సీమలో గంటలకు ధర ఉంటుంది. సెలవులొస్తే కూలికో, బెంగళూరులో చిన్నా చితకా పనికో వెళ్లి ఫీజు డబ్బు కూడబెట్టుకునే విద్యార్థికి 180 గంటలంటే, రోజుకు ఆరు గంటల లెక్కన ముప్పై రోజుల సంపాదన పోయినట్టే. సొంత ఊళ్లోనే చేసుకునే వీలు ఉండడం వల్ల బస్సు ఖర్చు, బస ఖర్చు తప్పుతాయి, కూలి మాత్రం తిరిగి రాదు. ప్రాజెక్టు తేదీలు ఖరారు చేసే కాలేజీలు వేరుశనగ విత్తే అదనును కూడా లెక్కలోకి తీసుకోవాలి.