ఏటి వంపులు

సంవత్సర నివేదికలో పొదుపు, అప్పు, వడ్డీ లెక్కలు ఎటూ ఉంటాయి. ఈసారి మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు సంఘాల అక్కచెల్లెళ్ల కోసం నీళ్ల లెక్క కూడా రాస్తున్నాం. మా సంఘంలో ముగ్గురు తీసుకున్న అప్పు బోరు గుంతలోనే పోయింది, అందుకని.

కొన్నేళ్ల కిందట మా ఊరి వంకను జేసీబీ పెట్టి నేరుగా చేశారు. వంపులు తీసేస్తే చేను కలిసొస్తుంది, వానకు నీళ్లు కయ్యల మీద పడవు అన్నారు. మేమూ సరే అన్నాం. కంప కొట్టే కూలికి మేమే పోయినాం. ఇప్పుడు ఎంత వాన పడినా పూటలో దిగువకు పోతుంది. మర్నాడు చూస్తే ఇసుకలో తడి ఉండదు.

ఇట్లా చేసింది మనమొక్కరమే కాదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో కిస్సిమ్మీ అని ఒక ఏరు ఉంది. పాములాగా మెలికలు తిరిగి 166 కిలోమీటర్లు పారేది. 1947లో వరదలు వచ్చాయని 1962 నుంచి 1971 దాకా తవ్వి, దాన్ని 90 కిలోమీటర్ల నేరు కాలువ చేశారు. వరద తగ్గింది, నిజమే. కానీ ఒడ్డు పొడుగునా తడి నేలలు ఎండిపోయాయి. చలికాలం వచ్చే బాతులు నూటికి తొంభై పైగా రాకుండా పోయాయి. చివరికి 1999లో, తవ్విపోసిన మట్టినే మళ్లీ కాలువలో పోయడం మొదలుపెట్టారు. దాదాపు 35 కిలోమీటర్లు పూడ్చేసరికి 2021 అయింది. తొమ్మిదేళ్లలో తవ్వినదాంట్లో సగం కూడా పూడ్చలేదు, దానికే 22 ఏళ్లు!

వంపులో ఏముంది అంటారా? నీళ్లు వంపు తిరిగేచోట నిదానిస్తాయి, పక్కలకు పరుచుకుంటాయి, ఇసుకలోకి దిగుతాయి. నేరుగా చేస్తే దారి తగ్గి వాలు పెరుగుతుంది. ఉరికే నీళ్లు గట్టును కోస్తాయి గానీ బావికి ఊట ఇవ్వవు.

కుప్పం వైపు వాళ్లకు పాలారు తెలుసు. మన రాష్ట్రంలో 33 కిలోమీటర్లు పారి తమిళనాడులోకి దిగుతుంది. అక్కడ వేలూరు, తిరువణ్ణామలై జిల్లాల్లో నాగనది అనే చిన్న ఏరు ఉంది, పాలారులోనే కలుస్తుంది. ఏళ్ల తరబడి ఎండిపోయి ఉండింది. దాన్ని తిరిగి పారించింది ఆడవాళ్లే, ఉపాధి హామీ కూలికి పోయేవాళ్లే. ఇరవై వేల మంది దాకా కలిశారు. ఏటికి చేరే వాగుల్లో అడ్డంగా రాళ్లు పేర్చి నీళ్ల ఉరుకు తగ్గించారు. పక్కన ఇంకుడు బావులు తవ్వి, ఆగిన నీళ్లను భూమిలోకి దించారు. 2021 సెప్టెంబరులో ప్రధానమంత్రి రేడియోలో ఈ ఏటి సంగతి చెప్పారు. మనలాగే చేతిలో పార, తలమీద గంప ఉన్నవాళ్లు చేసిన పని ఇది.

మా వంకలో కూడా రాళ్ల అడ్డుకట్టలు వేయించమని గ్రామసభలో అర్జీ పెట్టినాం. పాత వంపును తిరిగి తెరవమని మాత్రం అడగలేదు. అక్కడిప్పుడు చెనక్కాయ పైరు ఉంది. ఆ చేను మా సంఘం సభ్యురాలిదే. బోరు అప్పు ఇంకా కడుతున్న ముగ్గురిలో ఆమె ఒకతి.