ఆకాశయానానికి కట్టుబాట్లు

చాందా గనుల నడుమ బ్రతికే మనకు భద్రతా నియమాల విలువ తెలియనిది కాదు. ఆకాశయానానికీ అట్టి కట్టుబాట్లున్నవి. 1934లో విమాన చట్టమూ, 1937లో దాని నిబంధనలూ వెలువడినవి. 2002 మార్చి 3న కైకలూరు వద్ద లోక్‌సభాపతి బాలయోగిగారినీ, 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారినీ హెలికాప్టరు ప్రమాదాలలో కోల్పోతిమి. 2010లో మంగుళూరులో 158 మంది అసువులు బాసిరి. నిబంధనలను అమలుపరచే శాఖయే ప్రమాదాలనూ పరిశోధించుట తగదన్న తలంపుతో 2012లో ప్రత్యేక దర్యాప్తు సంస్థ ఏర్పడినది.

2025 జనవరి 1 నుండి పాత చట్టం స్థానే భారతీయ వాయుయాన్ అధినియం అమలులోనికి వచ్చినది. ఆ బిల్లును పార్లమెంటులో ప్రవేశపెట్టినది మన శ్రీకాకుళం వారు, మంత్రి రామ్మోహన్ నాయుడుగారు. అయితే చట్టం వ్రాసినంతమాత్రాన చాలదు, పాటించినప్పుడే ప్రాణరక్షణ. ఈ ఉగాదినాడు మేము కోరునది అదియే.