కిన్నెర మెట్లును విశ్వవిద్యాలయ సంగీతవిద్యయు

శార్ఙ్గదేవుఁడు దేవగిరి యాదవప్రభువగు సింఘణుని యాశ్రయమున 13వ శతాబ్దమున సంగీతరత్నాకరమును రచించెను. గీతము, వాద్యము, నృత్తము నను మూఁటిని గలిపి సంగీతమని నిర్వచించి, దానిని మార్గము, దేశి యని యాతఁడు రెండు తెఱఁగులుగాఁ జెప్పెను. తెఱఁగులు వేఱైనను గ్రంథ మొక్కటియే. కాకతీయ గణపతిదేవుని గజసేనాధిపతి జాయపసేనానియు నదే పద్ధతి నవలంబించెను. 1253-54 నాఁటి యాతని నృత్తరత్నావళి యెనిమిది యధ్యాయములలో మొదటి నాలుగు మార్గమునకును, తక్కిన నాలుగు దేశికిని జెందినవి. రాజాస్థాన పండితులు దేశిని దమ శాస్త్రమునుండి వెలివేయలేదు. ఈ సంప్రదాయము నేఁటి విశ్వవిద్యాలయములలో నెట్లున్నదో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల వాద్య మొకదాని నాధారముగాఁ గొని విచారింతము.

2016వ సంవత్సరమున వేర్వేఱు జిల్లాలైన యీ మూఁడు సీమలును బూర్వము పాలమూరు జిల్లాలోనివి. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములు వెలసిన దిక్కడనే. గద్వాలకు విద్వద్గద్వాల యను ప్రసిద్ధి కలదు. జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు చంద్రికాపరిణయమును రచించెను. ఈ యాస్థానముల విద్య గ్రంథరూపమున నిలిచినది గావున దాని చరిత్రము వ్రాయుట సుకరము. ఆస్థానముల వెలుపలి విద్యమాట వేఱు. శ్రీశైలమునకుఁ బశ్చిమద్వారమగు నలంపురమును, ఉత్తరద్వారమగు నుమామహేశ్వరమును నీ సీమలోనివే. శ్రీశైలయాత్రికులు పాడుకొను పాటలను బాల్కురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రమున పర్వతప్రకరణమందుఁ బేర్కొనెను. తుమ్మెదపదములు, ప్రభాతపదములు, ఆనందపదములు, వెన్నెలపదములు మున్నగు పేర్లు మన కట్లు దక్కినవి. పేర్లు దక్కినవే కాని స్వరములు దక్కలేదు. ఏ వరుసలోఁ బాడిరో యా గ్రంథమువలనఁ దెలియదు.

ఈ సీమయందే పండ్రెండు మెట్ల కిన్నెర నేఁటికిని మ్రోగుచున్నది. వెదురుగడకు సొరబుర్రలు గట్టి, మైనముతో మెట్లు నిలిపి, తీఁగలు బిగించి దీనిని జేయుదురు. ఇది డక్కలివారి వాద్యము. వారు మాదిగలకు జాంబపురాణము వినిపించువారు. నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంటకుఁ జెందిన దర్శనం మొగులయ్యగారు దీనిని వాయించుచుఁ బాలమూరు వీరుఁడు పండుగ సాయన్న కథ పాడి ప్రసిద్ధులైరి. 2022లో వారికిఁ బద్మశ్రీ బిరుదము లభించినది. తెలంగాణ ప్రభుత్వ మెనిమిదవ తరగతి పాఠ్యపుస్తకమున నీ వాద్యమునుగూర్చి పాఠమును జేర్చినది.

సంగీతరత్నాకర వాద్యాధ్యాయమునఁ గిన్నరీవీణ వర్ణింపఁబడినది. లఘ్వి, బృహతి యను భేదములును జెప్పఁబడినవి. బసవపురాణమునఁ గిన్నర బ్రహ్మయ్య యను భక్తుఁడు కలఁడు. ఆతని పేరే యా వాద్యమునకు సాక్షి. ఇంతమాత్రమున నేఁటి కిన్నెరయే నాఁటి కిన్నరి యని తీర్మానింపఁదగునా? తగదు. పేరు నిలిచి వస్తువు మాఱుట మన వాద్యములయందుఁ గొత్త గాదు. వీణ యను పదము కాలక్రమమున నెన్నివిధముల వాద్యములకుఁ జెల్లినదో పండితు లెఱుంగుదురు. నిర్ణయమునకు మూఁడు పరీక్షలు వలయును: మెట్ల నడిమి దూరములు గొలిచి స్వరస్థానములు కనుఁగొనుట మొదటిది, ఆ కొలతలను శాస్త్రగ్రంథ వివరములతోఁ బోల్చుట రెండవది, గురుశిష్యపరంపరలో మెట్లు నిలుపు పద్ధతి యెట్లు వచ్చినదో యడిగి తెలిసికొనుట మూఁడవది. మొదటిదానికి స్వరజ్ఞానము, రెండవదానికి సంస్కృతము, మూఁడవదానికి డక్కలివారితోడి సహవాసము కావలయును. ఇవి మూఁడును గూడవలసినచోటు విశ్వవిద్యాలయము.

కాని మన విద్యాచరిత్రము వేఱు త్రోవను నడచినది. విజయనగరమున 1919లో సంగీతకళాశాల యేర్పడఁగా హరికథాపితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి యధ్యక్షులైరి. 1936లో ద్వారం వెంకటస్వామినాయుఁడుగా రా పదవి నలంకరించిరి. నాయుఁడుగారి వాద్యము పాశ్చాత్యులనుండి వచ్చిన ఫిడేలు. పరదేశవాద్యమునకుఁ గచేరిలోఁ బీట వేసిన మనము కిన్నెరకు వేయమైతిమి. జానపదగేయములు విశ్వవిద్యాలయమున నడుగిడినది సాహిత్యద్వారముననే. ఉస్మానియా విశ్వవిద్యాలయమునఁ బరిశోధించిన బిరుదురాజు రామరాజుగారి మహాగ్రంథమునకుఁ దెలుగు జానపదగేయ సాహిత్యమని పేరు. ఆ కృషి లేకున్న నా పాటల మాటలును మనకు దక్కకుండెడివి. అయినను బాటలో సగము మాట, సగము వరుస. రెండవ సగము సంగీతజ్ఞుల బాధ్యత.

1985లో హైదరాబాదున వెలసిన తెలుగు విశ్వవిద్యాలయమున సంగీతము, జానపదకళలు రెండును బాఠ్యాంశములైనవి. వరంగల్లున జానపద గిరిజన విజ్ఞానపీఠమును, శ్రీశైలమున చరిత్ర సంస్కృతి పీఠమును దానికి శాఖలుగా నేర్పడినవి. 2025లో తెలంగాణ శాసనసభ దానికి సురవరము ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టినది. రెడ్డిగారు గద్వాల ప్రాంతమువారు, 1952లో వనపర్తినుండి శాసనసభకు నెన్నికైనవారు. ఆంధ్రుల సాంఘిక చరిత్రమున వారు రాజులను బ్రక్కకుఁ ద్రోసి, ప్రజల యాటపాటలను, తిండితీర్థములను జరిత్రకు సాక్ష్యములుగా స్వీకరించిరి. వారి పేరుగల విద్యాలయమునకుఁ గిన్నెర పరీక్ష సహజముగా వచ్చు కర్తవ్యము.

పలు సంప్రదాయములు నేర్చినవాఁడు దేనియందును బూర్ణుఁడు గాఁడని కొందఱందురు. ఈ భయము నిరాధారము గాదు. కావున విద్యార్థి మొదట నొక సంప్రదాయమును గురుముఖమున దృఢముగా నభ్యసింపవలయును. పిదప రెండవదానిని దాని గురువునొద్దనే, దాని పద్ధతినే నేర్వవలయును. కిన్నెరను సప్తస్వరలిపిలో నిఱికించినచో దాని స్వభావము చెడునందురు. లిపియే గురువైనచోఁ జెడును. కిన్నెరకాఁడే పీఠముపైఁ గూర్చుండి బోధింప, లిపి జ్ఞాపికగా మాత్రమున్నచోఁ జెడదు. పద్మశ్రీ యొకరికి గౌరవము. ఆచార్యపీఠ మొక పరంపరకు జీవనము.

సోమనాథునినాఁటి పదముల వరుసలను మన మిఁక వినఁజాలము. పండ్రెండు మెట్ల నాదము మాత్ర మింకను వినవచ్చుచున్నది. మెట్లు నిలుపువారి చేతులుండఁగనే వానిని గొలిచి, వారిచేఁ జెప్పించుకొనుట మన తరమువారి పని.