కారు స్క్రీన్ ఆగిపోతోందా? రీకాల్ ఉందేమో చూడండి

కారులో పాటలు, మ్యాప్, ఫోన్ కాల్స్ చూపే స్క్రీన్‌నే ఇన్ఫోటైన్‌మెంట్ సిస్టమ్ అంటారు. అమెరికాలో 2018 మే నుంచి తయారైన కొత్త కార్లన్నింటికీ వెనుక కెమెరా తప్పనిసరి. చాలా కార్లలో ఆ దృశ్యం కనిపించేది ఈ స్క్రీన్ మీదే. ఇంటి ముందు పిల్లలు ఆడుకునేచోట కారు రివర్స్ చేసేటప్పుడు అది ఆగిపోతే ప్రమాదమే.

టెస్లా విషయంలో ఇదే జరిగింది. 2012-18 మోడల్ ఎస్, 2016-18 మోడల్ ఎక్స్ కార్లు కొన్నింటిలో స్క్రీన్‌ను నడిపే కంప్యూటర్‌కు 8 జీబీ ఫ్లాష్ మెమరీ ఉండేది. ఇలాంటి మెమరీని లెక్కలేనన్ని సార్లు చెరిపి రాయలేం. ఆ చిప్‌కు హద్దు సుమారు 3,000 సార్లు. సాఫ్ట్‌వేర్ నిత్యం డేటా రాస్తూనే ఉండటంతో ఐదారేళ్లకే అది అరిగిపోయేది. అప్పుడు వెనుక కెమెరాతో పాటు అద్దాల మీది మంచు, ఆవిరి తొలగించే కంట్రోల్స్ కూడా పనిచేసేవి కావు. రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ కోరడంతో 2021లో కంపెనీ సుమారు 1,35,000 కార్లను రీకాల్ చేసింది.

మీ కారు ఏ కంపెనీదైనా, డ్రైవర్ వైపు ముందు అద్దం కింద కనిపించే 17 అంకెలు, అక్షరాల విన్ నంబరును ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. రీకాల్ ఉంటే డీలర్ ఉచితంగా రిపేరు చేయాలి. సెకండ్ హ్యాండ్ కారుకైనా ఇది వర్తిస్తుంది. రీకాల్ లేకపోయినా సమస్య పదేపదే వస్తుంటే అక్కడే ఫిర్యాదు నమోదు చేయండి. సంస్థ దర్యాప్తులు తరచూ ఇలాంటి ఫిర్యాదులతోనే మొదలవుతాయి.