బొగ్గుపొరలలో ఒక పరీక్ష

చదువరీ, జీవపరిణామ సిద్ధాంతము పండితుల ఊహయేగాని పరీక్షించి చూచుటకు వీలైనది కాదని కొందరు చెప్పగా నీవు వినియుందువు. ఈ మాట తేల్చుకొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. డోర్నకలు జంక్షనునుండి ఇల్లెందు వైపు చీలిపోవు రైలుమార్గము బొగ్గుకొరకు వేసినది. ఆ బొగ్గును, దాని క్రిందను మీదను ఉన్న రాళ్లును ఇందుకు చాలును.

పరీక్షకు నిలువగోరు సిద్ధాంతము, ఫలానిది దొరకిన నేను తప్పు అని ముందుగా ఒప్పుకొనవలెను. 1957లో ఇంగ్లండు విడిచి మన దేశమునకు వచ్చిన శాస్త్రజ్ఞుడు జె. బి. ఎస్. హాల్డేనును ఎవరో ఈ సంగతియే అడుగగా, కేంబ్రియనుకు పూర్వపు రాళ్లలో ఒక కుందేలు చాలునని బదులిచ్చెనని చెప్పుదురు. (1964లో ఆయన మరణింపగా, దేహమును ఆయన కోరినట్లే కాకినాడ వైద్య కళాశాలకు ఇచ్చిరి.) అట్టి రాళ్లు మనకు దగ్గరనే యున్నవి. పాకాల చెరువు పేరుతో పిలువబడు ఆ శిలలు నూరు కోట్ల సంవత్సరములకు మించినవి. వాటిలో సూక్ష్మజీవులు కట్టిన సున్నపు పొరలు కలవు. ఎముక యన్నది లేదు.

వాటికి ఎంతో మీదుగా, ఇరువదియైదు కోట్ల యేండ్లకు పైబడిన బొగ్గుపొరలు. వాటిలో గ్లాసోప్టెరిస్ ఆకుల అచ్చులు కనబడును, పువ్వు కానరాదు. ఆపైన మలేరి మట్టి, ఆపైన కోట సున్నపురాయి. అయితే ఎముకలను చూచియే ఈ వరుస కల్పించిరేమో యని నీవు అడుగవచ్చును. తగిన ప్రశ్నయే. కాని ఏ పొరమీద ఏ పొర యున్నదో నేలను చూచిన వానికి తెలియును. విలియం కింగు గోదావరి లోయ యంతయు తిరిగి 1881లో దానిని వ్రాసి ప్రకటించెను.

మరియొక సంగతి. నాగపూరు మిషనరీ స్టీఫెన్ హిస్లాపు దొర బడి నడుపుచునే రాళ్లు ఏరెడివాడు. మలేరిలో దొరకిన చేపపండ్లకు ఆయన పేరుపెట్టి ఓల్డుహాము వర్ణించినది 1859లో. డార్విను గ్రంథము వెలువడినదియు ఆ యేటనే. ఆ పండ్లను ఏరిన చేతికి ఆ సిద్ధాంతముతో పనిలేదు. అట్టి సాక్షి మాటకు విలువ యెక్కువ యని నా తలంపు. 1863లో ఆయన వరదనీట మునిగి మరణించెను.

కోట పొరలోనే యామనపల్లి యొద్ద కోటసారస్ అను రాకాసిబల్లి ఎముకలు దొరకగా, 1988లో యాదగిరి దానికి పేరుపెట్టెను. అది సుమారు తొమ్మిది మీటర్ల పొడవు. దేహము తరువాతి మహాకాయులదే యైనను, కొన్ని ఎముకలలో వాటి పూర్వుల పోలిక నిలిచియున్నది. హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రములో నిలబెట్టిన ఆ అస్థిపంజరమును నీవే పోయి చూడవచ్చును.

పాలిచ్చు జంతువుల గతి యేమి? అదే పొరలోని మట్టిని కడిగి జల్లెడ పట్టగా, చుంచెలుకవంటి ప్రాణుల చిన్న పండ్లు దొరకినవి. వాటిలో ఒకదానికి 1981లో కోటథీరియం హాల్డేనీ యని పేరిడిరి. కుందేళ్ల జాతి తరువాతి పొరలలోనిది. ఇచ్చట ఇంకను జల్లెడ పట్టవలసిన మట్టి చాల కలదు, బొగ్గుకొరకు త్రవ్వకములును సాగుచునే యున్నవి.